మర్యాద కూడు పెడుతుందా అనే ప్రశ్నకి వెనక ఉన్న కథ

"మర్యాద ఏమన్నా కూడు పెడుతుందా, పనిచేసేవాడికి ఓటెయ్యాలి గానీ" అనే మాట ఎలక్షన్లు వచ్చినప్పుడల్లా వింటాం. విన్నప్పుడల్లా నాకు అనిపించేది ఏంటంటే, మన దగ్గర పెద్ద పెద్ద గవర్నమెంట్లు కూలింది చాలాసార్లు ఈ మర్యాద దగ్గరే, ఆ సంగతి మనమే మర్చిపోయాం.

1982 ఫిబ్రవరి, బేగంపేట ఎయిర్‌పోర్టు. రాజీవ్ గాంధీ వస్తున్నారని ముఖ్యమంత్రి టంగుటూరి అంజయ్య దండలతో, జనంతో వెళ్లారు, ఆ హడావుడి నచ్చక రాజీవ్ అందరి ముందే ఆయన్ని కసురుకున్నారు. అంజయ్య గారు ఆల్విన్ కంపెనీలో కూలీగా మొదలై పైకొచ్చిన మనిషి. ఆ నెలలోనే పదవి కూడా పోయింది. తర్వాత భవనం వెంకట్రామ్, ఆయన తర్వాత కోట్ల విజయభాస్కరరెడ్డి, చెన్నారెడ్డి నుంచి లెక్కేసుకుంటే అయిదేళ్లలో నలుగురు ముఖ్యమంత్రులు, ఎవరిని కూర్చోబెట్టాలో ప్రతిసారీ ఢిల్లీలోనే తేలింది. ఈ లోపే 1982 మార్చి 29న ఎన్టీఆర్ తెలుగుదేశం పార్టీ పెట్టారు, చైతన్యరథం మీద ఊరూరా తిరిగి తెలుగువాళ్ల ఆత్మగౌరవం అన్నారు. కిలో 2 రూపాయల బియ్యం కూడా ఓట్లు తెచ్చింది, కాదనను. కానీ పుట్టి ఏడాది కూడా నిండని పార్టీకి 1983 జనవరిలో 294 సీట్లలో 200కి పైగా వచ్చాయంటే జనం కడుపులో ఏదో రగులుతూ ఉండబట్టే కదా.

అప్పుడు జరిగిన మంచి పని ఒకటి చెప్పాలి. 1984లో కరణం, మునసబుల వ్యవస్థ, తెలంగాణలో పటేల్, పట్వారీ వ్యవస్థ తీసేశారు. తరతరాలుగా ఒకే ఇంటి చేతిలో ఊరి భూముల లెక్కలు, కాగితం ముక్క కావాలంటే చెప్పులు విప్పి కండువా చంకలో పెట్టుకుని అరుగు కింద నిలబడాల్సిందే. దాంతో ఒక్క రోడ్డు రాలేదు, ఒక్క బల్బు వెలగలేదు, అయినా చిన్న రైతు నడుం కాస్త నిటారుగా అయింది.

మరి ఆ ఆత్మగౌరవంలో మాదిగపల్లెకి వాటా ఎంత? 1985 మార్చిలో అదే పార్టీ మళ్లీ గెలిచింది, అయిదు నెలలు తిరక్కుండా జులై 17న అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు మాదిగలని వెంటాడి చంపారు. ముఖ్యమంత్రికి దగ్గర చుట్టరికం ఉన్న ఊరు, కృష్ణా కాలవ నీళ్లు, వరి, పొగాకు, డబ్బు ఆడే ఊరు, అభివృద్ధి అంటే ఇదే అని చూపించదగ్గ ఊరు. గొడవ మొదలైంది మంచినీళ్ల చెరువు దగ్గర. గేదెల బకెట్ కడిగిన మురికి తాగే నీళ్లలో కలుస్తుంటే ఇదేంటని అడిగారు, అడిగింది ఒక మాదిగ స్త్రీ కూడా. అంతే. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చీరాల పారిపోయిన జనం ఇక ఆ ఊరు వెళ్లమన్నారు. బొజ్జా తారకం హైకోర్టులో గవర్నమెంటు ప్లీడరు పదవి వదిలేసి వాళ్ల దగ్గరికి వచ్చారు, కత్తి పద్మారావుతో కలిసి దళిత మహాసభ అక్కడి నుంచే పుట్టింది. అదిస్తాం ఇదిస్తాం అంటే కాదు, మమ్మల్ని మనుషులుగా చూసేదెవరు అని ఓటు అడిగేవాళ్లని నిలదీయడం మన పల్లెల్లో గట్టిగా మొదలైంది ఆ తర్వాతే అని నా నమ్మకం.

ఇంకో సంగతి నెల్లూరు జిల్లాలోని దూబగుంట అనే ఊరిది. ఇది చెప్పకపోతే నా మనసుకి తృప్తి ఉండదు. ఆ జిల్లాలో 1991 ప్రాంతంలో రాత్రిబడులు పెట్టారు, ఆడవాళ్లు అక్షరాలు దిద్దుకుంటూ ఇంట్లో బాధలు చెప్పుకోవడం మొదలుపెట్టారు, ప్రతి బాధ చివరికీ సారా దగ్గర తేలింది. మొగుడి కూలి డబ్బులు అక్కడికే, దెబ్బలు మాత్రం ఇంటికి. గవర్నమెంటే వారుణి వాహిని అని పేరు పెట్టి సారా ప్యాకెట్లు ఊరూరికీ చేర్చిన రోజులవి, తాగేనీళ్లు చేరని ఊళ్లకి కూడా సారా చేరేది. రోశమ్మ లాంటి ఆడవాళ్లు చీపుర్లు, కారప్పొడి పట్టుకుని దుకాణం మూయించారు, 1992లో జిల్లాలో సారా దుకాణాల వేలంపాటలు జరగనివ్వలేదు. అప్పుడు వాళ్లకి చెప్పిన జవాబేంటో తెలుసా, సారా ఆదాయం పోతే అభివృద్ధి పనులకి డబ్బెక్కడిది అని! అంటే ఆ రోడ్డు ఈ తల్లి ఒంటి మీద దెబ్బలతో పడాలన్నమాట. వాళ్లు ఒప్పుకోలేదు. 1993 అక్టోబర్‌లో సారా ఆగింది, 1994లో మద్యనిషేధం అన్న ఎన్టీఆర్‌కి ఆడవాళ్లు విరగబడి ఓట్లేశారు, కాంగ్రెస్ 26 సీట్లకి పడిపోయింది. 1997కల్లా ఆదాయం చాలట్లేదని నిషేధం ఎత్తేశారు. ఆ మహిళలని మళ్లీ ఎవరూ అడగలేదు.

తెలంగాణ సంగతీ అంతే, నీళ్లు, నిధులు, నియామకాలు అన్నారు గానీ మా యాసని సినిమాల్లో వెకిలి చేశారన్న కోపం వాటికి తీసిపోలేదు.

చివరిగా అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరు. 1991 ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల్ని చంపి శవాల్ని కాలవలో పడేశారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టి విచారించి 2007లో 21 మందికి యావజ్జీవం వేశారు, పదహారేళ్లు పట్టింది, పోన్లే వచ్చిందనుకున్నారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. అప్పటికి ఆంధ్రలో పోలింగ్‌కి సరిగ్గా పదిహేను రోజులుంది, మే 7న. ఊరూరా మైకుల్లో కొత్త రాజధాని, ప్రత్యేక హోదా, పరిశ్రమలు, రుణమాఫీ. చుండూరు వాళ్లు కూడా ఆ రోజు లైన్లో నిలబడి ఓటేసి వచ్చారు.