హైవే వేసే ముందు పురావస్తు సర్వే: అపోహలు - వాస్తవాలు

కొత్త హైవే అనగానే భూసేకరణ, నష్టపరిహారం గురించే అందరూ అడుగుతారు. ఆ నేలలో పాతకాలపు ఆనవాళ్లు ఏమున్నాయో అడిగేవాళ్లు తక్కువ. పురావస్తు సర్వేలు చేసే మాకు తరచూ వినిపించే మాటలివి.

అపోహ: “అక్కడ గుడి లేదు, కోట లేదు. సర్వే ఎందుకు?”

వాస్తవం: మన దగ్గర పాత ఊళ్లు చాలావరకు పాటిదిబ్బలుగానే మిగిలాయి. కాస్త ఎత్తు, బూడిదరంగు మట్టి, కుండ పెంకులు, అంతే. దుక్కిలో ఇనుప చిట్టెం (ఇనుము కరిగించాక మిగిలే తెట్టు) తేలుతుంటే అక్కడ ఒకప్పుడు ఇనుము తీసి ఉండొచ్చు. జనం రాక్షసగుళ్లు అని పిలిచే రాతి వలయాలు ఇనుప యుగపు సమాధులు. పాత మహబూబ్‌నగర్ జిల్లా ఉట్నూరులో బూడిద దిబ్బను 1957లో బ్రిటిష్ పురావస్తు శాస్త్రవేత్త రేమండ్ ఆల్చిన్ తవ్వితే కొత్త రాతియుగపు పశువుల దొడ్డి బయటపడింది. ఆవుల గిట్టల గుర్తులు కూడా చెదరకుండా ఉన్నాయి! తెలియనివాళ్లకు అది ఉత్త బూడిద కుప్పే. అందుకే మేం మ్యాపులు చూశాక ముందుగా పశువుల కాపరులనూ, ఊళ్లో పెద్దవాళ్లనూ కలుస్తాం. ఆ తర్వాతే చేను చేనూ నడుస్తాం.

అపోహ: “రక్షిత కట్టడానికి దూరంగా రోడ్డు వేస్తే చాలు.”

వాస్తవం: పురాతన కట్టడాల రక్షణ చట్టానికి 2010లో చేసిన సవరణ ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. కానీ దేశం మొత్తం మీద కేంద్ర జాబితాలో ఉన్నవి సుమారు 3,700 మాత్రమే. ఏ జాబితాకూ ఎక్కని దిబ్బకు ఈ హద్దులేవీ వర్తించవు.

అపోహ: “రోడ్డు వెళ్లే దారిలో చూస్తే సరిపోతుంది.”

వాస్తవం: నన్ను ఎక్కువగా భయపెట్టేది ఈ మాటే. రోడ్డు కట్టకు మట్టి, మొరం కావాలి. అవి చుట్టుపక్కల గుట్టలనుంచి, దిబ్బలనుంచి వస్తాయి. పాటిమన్ను బలమైనదని రైతులు తరతరాలుగా బండ్లతో చేలకు తోలుకున్నారు, అయినా దిబ్బ ఎంతోకొంత మిగిలింది. అదే జేసీబీ, టిప్పర్లు దిగితే అడుగు పొర దాకా కొన్ని రోజుల్లో పోతుంది. కంకర కోసం పేల్చే గుండ్ల మీద పాత బొమ్మలు ఉండొచ్చు. కాబట్టి మట్టి తీసే చోట్లు, క్వారీలు, క్యాంపులు, తాత్కాలిక దారులు అన్నీ సర్వే మ్యాపులో ఉండి తీరాలి. డిజైన్ కాగితం మీద ఉన్నప్పుడైతే వీటిని పక్కకు జరపడం పెద్ద పని కాదు.

అపోహ: “ఏదైనా దొరికితే ప్రాజెక్టు ఆగిపోతుంది.”

వాస్తవం: ఎక్కువ చోట్ల తవ్వి, కొలిచి, ఫొటోలు తీసి, వస్తువులు భద్రపరిచాక రోడ్డు వేస్తారు. ఇంగ్లండ్‌లో కేంబ్రిడ్జ్, హంటింగ్డన్ మధ్య ఏ14 రహదారి పనిలో ఒక దశలో 250 మంది దాకా పురావస్తు నిపుణులు పనిచేశారు. ఆ రోడ్డు 2020లో గడువుకన్నా ముందే తెరుచుకుంది. పనులు మొదలయ్యాక హఠాత్తుగా ఏదైనా బయటపడితేనే అందరికీ టెన్షన్.

అపోహ: “వీళ్లు గుప్తనిధుల కోసం వచ్చారు.”

వాస్తవం: మాకు బంగారం కంటే పెంకు ఏ పొరలో ఉందన్నదే ముఖ్యం. పొర చెదిరితే కాలం చెప్పలేం. పనుల్లో నాణేలు, విగ్రహాలు, పెద్ద కుండలు కనిపిస్తే ఇంటికి తీసుకెళ్లకండి, కడగకండి. ఉన్నచోటే ఫొటో తీసి, అక్కడ పని ఆపించి, తహసీల్దారుకు లేదా పురావస్తు శాఖకు చెప్పండి. 1878 నాటి నిధుల చట్టం ప్రకారం భూమిలో దాచిన, పది రూపాయలకు మించిన విలువైన వస్తువు దొరికితే కలెక్టరుకు తెలియజేయాల్సిందే.