కార్నియా వాపు: మందు కంటే ముందు కారణం

చెన్నైలో కన్ను ఎర్రబడితే చాలామంది తొలుత వెళ్ళేది మందుల దుకాణానికే. అక్కడ ఇచ్చిన చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గి నయమైనట్టే అనిపిస్తుంది. లోపల మాత్రం శిలీంధ్రమో, హెర్పిస్ వైరసో అడ్డు లేకుండా విస్తరిస్తుంది. నల్లగుడ్డును కప్పి ఉండే కార్నియా మందం మధ్యభాగంలో సుమారు అర మిల్లీమీటరే కనుక, అక్కడ జరిగే ఆలస్యానికి మూల్యం ఎక్కువ.

కండ్లకలకలో సాధారణంగా చూపు తగ్గదు. నొప్పి, వెలుతురును భరించలేకపోవడం, చూపు మసకబారడం కలిసి వస్తే అది కార్నియా వాపు, అంటే కెరటైటిస్, కావచ్చునని అనుమానించి అదే రోజు కంటి వైద్యుణ్ణి కలవాలి. పాత మహాబలిపురం రోడ్డులోని ఐటీ ఉద్యోగి కాంటాక్ట్ లెన్సుతోనే నిద్రపోతే సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఒకటి రెండు రోజుల్లోనే కార్నియాను కరిగించగలదు. లెన్సును కుళాయి నీటితో కడిగితే అకాంతమీబా అనే సూక్ష్మజీవి చేరవచ్చు. తిరుత్తణి, గుమ్మిడిపూండి వైపు తెలుగు పల్లెల్లో వరికోతల వేళ కంటికి ఆకు గీసుకున్న రైతు విషయంలోనైతే ముందుగా అనుమానించవలసింది ఫ్యుజేరియం, ఆస్పర్‌జిల్లస్ వంటి శిలీంధ్రాలను. చలువ చేస్తుందని పుండుపడిన కంట్లో తల్లిపాలో, ఆకు పసరో పోయడం కొత్త క్రిములను ఆహ్వానించడమే.

అందుకే వైద్యులు కంటిని మొద్దుబార్చే చుక్కలు వేసి, పుండు అంచు నుంచి కొద్దిగా గీరి తీసి సూక్ష్మదర్శినిలో చూస్తారు. పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి చూస్తే శిలీంధ్రపు పోగులు అప్పటికప్పుడే కనిపించవచ్చు. వాటికి ప్రధానమైన మందు 5 శాతం నాటమైసిన్. తమిళనాడులోని అరవింద్ ఆసుపత్రుల రోగులతో ప్రధానంగా జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, వొరికొనజోల్ అనే మరో శిలీంధ్రనాశక మందు చుక్కల కంటే నాటమైసినే మెరుగని, ముఖ్యంగా ఫ్యుజేరియం విషయంలో, తేలింది. ఇది తెల్లటి ద్రవం. మందు అడుగుకు చేరుతుంది కనుక ప్రతిసారీ వేసే ముందు సీసాను బాగా కదపాలి. చిన్న విషయమే గాని, ఇంట్లో వైద్యం తప్పేది ఇలాంటి చోటే.

తీవ్రమైన పుండుకు తొలి రెండు రోజులు రాత్రిళ్ళు కూడా గంట గంటకూ చుక్కలు వేయవలసి రావచ్చు. రెండు మందులుంటే నడుమ ఐదు నిమిషాలు విరామం ఇవ్వాలి. హోమాట్రోపిన్ వంటి చుక్కలు కంటిలోపలి కండరాన్ని సడలించి నొప్పిని తగ్గిస్తాయి. కంటికి కట్టు కట్టకూడదు. వాడిన లెన్సును, దాని డబ్బాను పారేయక పరీక్షకు తీసుకెళ్ళడం మేలు. అలాగని స్టెరాయిడ్‌ను శత్రువుగా చూడనక్కరలేదు: హెర్పిస్ వల్ల కార్నియా లోపలి పొర వాచినప్పుడు, వైరస్‌ను అణచే మందు రక్షణలో, వైద్యుడే దాన్ని ఇస్తాడు.

పుండు మానినా పువ్వు, అంటే తెల్లమచ్చ, మిగిలి చూపును అడ్డుకుంటే కార్నియా మార్పిడి అవసరమవుతుంది. ఎడ్వర్డ్ జిర్మ్ అనే కంటి వైద్యుడు 1905లో మొదటిసారి విజయవంతంగా చేసిన ఈ శస్త్రచికిత్సకు, వీలైనంతవరకు, కంటి వాపు పూర్తిగా చల్లారేదాకా ఆగుతారు. హెర్పిస్ రోగులకు మాత్రం కొత్త కార్నియాలోనూ వ్యాధి తిరగబెట్టవచ్చు కనుక, ఆపరేషన్ తరువాత చాలాకాలం వైరస్‌ను అణచే అసైక్లోవిర్ మాత్రలు కొనసాగిస్తారు.