‘సెప్టిక్’ గురించి అపోహలు - వాస్తవాలు

ఆటోనగర్‌లో రేకు గీసుకున్నా, పొలంలో ముల్లు దిగినా మా విజయవాడ ఓపీలో వినిపించేది ఒకటే: ‘‘సెప్టిక్ అయిందేమో చూడండి సార్.’’ కేస్‌షీట్ మీద మేం సెప్టిక్ షాక్ అని రాస్తే అది వేరే సంగతి. ఈ రెంటినీ కలిపేసుకుని కొందరు ఉత్తపుణ్యానికి హడలిపోతున్నారు, కొందరు ఆలస్యంగా వస్తున్నారు.

అపోహ: చీము పట్టిందంటే ఇక కాలు తీసేస్తారు.

చీము ఒకచోటే ఉంటే దాన్ని బయటికి తీసి, శుభ్రంగా కట్టు కడితే చాలావరకు మానిపోతుంది. షుగర్ ఉన్నవాళ్ల పాదానికి మాత్రం ఈ ధీమా పనికిరాదు. స్పర్శ తగ్గి ఉంటుంది కాబట్టి చిన్న బొబ్బయినా ఆ రోజే చూపించాలి.

అపోహ: టీటీ వేయించుకుంటే సెప్టిక్ అవదు.

దాన్ని ‘సెప్టిక్ ఇంజెక్షన్’ అనే అడుగుతారు. నిజానికి అది ధనుర్వాతానికి టీకా. చీము పట్టించే బ్యాక్టీరియాను ఏమీ చేయదు. ధనుర్వాతం కూడా తుప్పు వల్ల రాదు. దాని క్రిమి మట్టిలో, పేడలో ఉంటుంది, లోతుగా దిగి గాలి ఆడని గాయంలో పెరుగుతుంది. ప్రతి గీతకీ సూది అక్కర్లేదు. డోసులన్నీ పూర్తయినవాళ్లకి శుభ్రమైన చిన్న గాయమైతే చివరి డోసు పడి 10 ఏళ్లు, మట్టి పడ్డ గాయమైతే 5 ఏళ్లు దాటితేనే మళ్లీ వేస్తాం. డోసుల సంగతి గుర్తు లేకపోతే మాత్రం వేయించుకోండి. ప్రభుత్వ టీకాల్లో ఇప్పుడు టీటీ బదులు డిఫ్తీరియాకీ పనికొచ్చే టీడీ ఇస్తున్నారు. ఏదైనా సరే, ముందు గాయాన్ని ధారగా నీళ్లు పోసి సబ్బుతో కడగండి. పసుపు, కాఫీపొడి అద్దితే మట్టి లోపలే ఉండిపోతుంది.

అపోహ: పప్పు తింటే చీము పడుతుంది.

పట్టదు. పుండు మానడానికి ప్రొటీన్ కావాలి. ఆపరేషనైన మనిషికి నెల్లాళ్లు చారన్నమే పెట్టే అత్తగార్లతో వాదించి నేను గెలిచింది తక్కువే.

అపోహ: గాయం లేకపోతే సెప్టిక్ కాదు.

ప్రాణాల మీదికి తెచ్చేది ఇదే. ఇన్ఫెక్షన్‌ని ఎదుర్కోబోయి శరీరం అదుపు తప్పి, సొంత అవయవాలనే దెబ్బతీసుకోవడం సెప్సిస్. 2016 నుంచి వైద్యులు పాటిస్తున్న నిర్వచనం ఇదే. ఎక్కువగా న్యుమోనియా, మూత్రంలో ఇన్ఫెక్షన్, కడుపులో ఇన్ఫెక్షన్‌లతో మొదలవుతుంది, ఒంటిమీద గీత కూడా ఉండదు. సెలైన్ ఎక్కించినా బీపీ నిలవక, దాన్ని నిలబెట్టడానికి మందులు పెట్టాల్సి వస్తే సెప్టిక్ షాక్ దాకా వెళ్లినట్టు.

పెద్దవాళ్లకి జ్వరం రాకపోవచ్చు, ఒళ్లు చల్లబడనూవచ్చు. మూత్రంలో మంట అన్న మామ్మ తెల్లారేసరికి మనుషుల్ని పోల్చుకోలేకపోతే ‘వయసు మీద పడింది’ అని ఊరుకోకండి. నిమిషానికి 22 సార్లు, అంతకుమించి ఊపిరి తీస్తున్నా, పై బీపీ 100కి దిగినా, మాట తికమకపడినా, మూత్రం బాగా తగ్గినా మెడికల్ షాపు మాత్రలతో పొద్దుపుచ్చకుండా 108కి ఫోన్ చేయండి. అప్పటికే యాంటీబయాటిక్ ఏదైనా వేసి ఉంటే ఆ ఖాళీ స్ట్రిప్పు కూడా తీసుకురండి. కల్చర్‌లో, అంటే రక్తం, మూత్రం లాంటివి తీసి క్రిమిని పెంచి చూసే పరీక్షలో, క్రిమి పెరగకపోతే ఎందుకో మాకు తెలుస్తుంది.