జింకలు, కరెంటు తీగలు: రోళ్లపాడు నుంచి పల్నాడు దాకా

గుంటూరు మిర్చి యార్డుకొచ్చే పల్నాడు రైతులను కదిపితే చాలు, మళ్లీ జింకల గోడే. కంది మొలిచిందో లేదో దుప్పులొచ్చి చిగుళ్లు కొరికేస్తున్నాయని వాళ్లంటారు, వాటిని ఆపడానికి చేను చుట్టూ కట్టిన తీగలకు కరెంటు పెడితే కేసులు తప్పవని అటవీ శాఖ అంటుంది. ఈ తగువు అర్థం కావాలంటే రోళ్లపాడు సంగతి తెలియాలి.

ఇప్పటి నంద్యాల జిల్లాలో ఉందది. 1988లో అంతరించిపోతున్న బట్టమేక పిట్టను కాపాడటానికి అక్కడి గడ్డి మైదానాన్ని అభయారణ్యం చేశారు. రక్షణ దొరికేసరికి కృష్ణజింకల మందలు పెరిగి చుట్టుపక్కల చేల మీద పడ్డాయి. జింకకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం అండ ఉంది, పోయిన పంట మాత్రం రైతు నెత్తినే పడింది. చివరికి ఊళ్లవాళ్లకు అభయారణ్యం అంటేనే గిట్టకుండా పోయింది, ఏ పిట్ట కోసం ఇదంతా చేశారో అదీ అక్కడ నిలవలేదు. నా దృష్టిలో అసలు మలుపు ఇదే. జంతువును కాపాడే ఖర్చు ఎవరు భరించాలో అప్పుడే తేల్చి ఉంటే ఇవాళ పొలం గట్ల మీద కరెంటు తీగలు ఇన్ని ఉండేవి కావు.

ఆ తీగల విషయంలో అటవీ శాఖ మాట కొట్టిపారేయలేం. మోటారు సర్వీసు నుంచి లాగిన బైండింగు వైరుకు దుప్పి, పంది, రాత్రి నీళ్లు కట్టడానికెళ్లే పక్క చేను రైతు అన్న తేడా తెలియదు.

కానీ రైతు ముందు ఏం ప్రయత్నించాడో కూడా చూడాలి కదా. చేను చుట్టూ కర్రలు పాతి ఇంట్లో పాత చీరలన్నీ కడతారు. నాలుగు రోజులు జింకలు బెదురుతాయి, తర్వాత అలవాటు పడిపోతాయి, ఇక మంచె మీద రాత్రంతా మనిషి కాపలా ఉండాల్సిందే. ఆ నిద్రలేని రాత్రుల కూలి ఏ పరిహారం లెక్కలోకీ రాదు.

పట్టుకుపోయి అడవిలో వదలమంటే అదీ తేలిక కాదు, తరిమి పట్టుకుంటే ఆ బెదురుకే జింకలు చచ్చిపోతాయి. 2025లో మధ్యప్రదేశ్‌లోని షాజాపూర్ జిల్లాలో హెలికాప్టరుతో తోలి, గరాటులా కట్టిన పరదాల దొడ్డిలోకి నడిపించి, వందల కృష్ణజింకలను వేరే అడవులకు తరలించారు. అది బయలు నేల కాబట్టి కుదిరింది, నల్లమల అంచున గుట్టల్లో, చెట్లల్లో కుదరదు.

మనకు మిగిలింది సోలార్ ఫెన్సింగే. సెకనుకోసారి టక్‌మని చిన్న షాక్ వదులుతుంది, తగిలిన జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, చావదు. అయితే తీగ ఎత్తు తక్కువైతే దుప్పి దూకేస్తుంది, కింద గడ్డి పెరిగి తీగకు తగిలితే పవర్ పోతుంది. పైగా ఒక్కడే వేసుకుంటే మంద పక్కవాడి చేలో పడుతుంది, అందుకే ఊరంతటికీ కలిపి వేయాలి. అధికారులు ఊళ్లకొచ్చినప్పుడు కేసుల మాట తర్వాత, ముందు ఆ ఉమ్మడి కంచెకు ప్రభుత్వం ఎంత పెడుతుంది, రైతులు ఎంత వేసుకోవాలి, గడ్డి ఎవరు కోయాలి అన్నవి తేల్చాలి. అదీ వచ్చే కంది విత్తకముందే.