తగిలిందా, తగల్లేదా?

పిల్లలూ,

మొన్న మీ రిమోట్ బొమ్మ ట్యాంకుల యుద్ధం సగంలోనే ఆగిపోయిందట కదా. చిన్నోడేమో "నాలుగుసార్లు కొట్టాను, అయినా చావట్లేదు" అన్నాడట, పెద్దోడేమో "తగిలితే కదా చావడానికి" అన్నాడట, అమ్మాయి మీ ఇద్దరి గోల భరించలేక రిమోట్ పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయిందట. ఇప్పుడు ముగ్గురూ కలిసి రూల్స్ రాసి పంపమని నన్ను అడుగుతున్నారు. రాస్తాను. కానీ నాకు తెలిసినంతవరకు ఈ ఆటలో వచ్చే తగువుల్లో చాలావాటికి మూలం ట్యాంకు నెత్తిన ఉండి దెబ్బని పసిగట్టే సెన్సరే, దాన్ని పట్టించుకోకుండా ఎన్ని రూల్స్ రాసుకున్నా మళ్లీ కొట్టుకుంటారు. అందుకని ముందు సెన్సర్ సంగతి, ఆ తర్వాతే రూల్స్.

ముందుగా, ట్యాంకు పేల్చినప్పుడు ఫిరంగి గొట్టంలోంచి అసలు ఏం వస్తుందో తెలుసుకోండి. టీవీ రిమోట్‌లోంచి వచ్చేదే ఇక్కడా వస్తుంది, పరారుణ కాంతి. 1800లో విలియం హెర్షెల్ అనే ఆయన పట్టకంతో ఎండను రంగులుగా విడగొట్టి, ఒక్కో రంగులో థర్మామీటర్ పెట్టి చూస్తూ, ఎరుపు దాటాక ఏ రంగూ లేని చోట కూడా పెట్టి చూశాడు, అక్కడ వేడి ఇంకా ఎక్కువ ఉంది. ఆ కనపడని కాంతే ఇది. మన కన్ను దాదాపు 700 నానోమీటర్ల దగ్గర చేతులెత్తేస్తుంది, గొట్టంలో మనం వాడే ఎల్ఈడీలు, అంటే బుల్లి దీపాలు, ఎక్కువగా 940 దగ్గర వెలుగుతాయి. అందుకే మీరు పేల్చినప్పుడు ఏమీ కనపడదు, "పనిచేస్తోందా లేదా" అని టెన్షన్ పడతారు. ఫోన్ సెల్ఫీ కెమెరాని గొట్టానికి ఎదురుగా పెట్టి పేల్చి చూడండి, చాలా ఫోన్లలో లేత ఊదా రంగు చుక్క ఒక్క క్షణం మెరుస్తుంది. అది మెరిస్తే ఎల్ఈడీ బతికే ఉన్నట్టు. (ఇదేదో పిల్లలాట అనుకోకండి, అమెరికా సైన్యం ఇదే ఉపాయంతో తుపాకులకు లేజర్లు, మనుషులకూ బండ్లకూ సెన్సర్లు తగిలించి యుద్ధం ప్రాక్టీసు చేస్తుంది, మైల్స్ అంటారు దాన్ని.)

మరి ఎండలోనూ పరారుణం ఉంది, బల్బులోనూ ఉంది, వేడిగా ఉన్న ప్రతి వస్తువులోనూ ఉంది. ఏది గుండో, ఏది ఎండో రిసీవర్‌కి, అదే ఆ నెత్తిన ఉండే సెన్సర్‌కి, ఎలా తెలుస్తుంది? ఎల్ఈడీ ఊరికే వెలిగి ఊరుకోదు, సెకనుకు 38 వేల సార్లు వెలిగి ఆరుతుంది, అంటే 38 కిలోహెర్ట్జ్. రిసీవర్ ఆ వేగంతో మినుకుమనేదాన్నే లెక్కలోకి తీసుకుంటుంది, మిగతాదంతా వదిలేస్తుంది. తమాషా ఏంటంటే, అదే పనిగా మినుకుమంటూనే ఉన్నా అది పట్టించుకోదు, ఏదో గోల అనుకుని చెవులు మూసేసుకుంటుంది. కాబట్టి గుండు అంటే కాసేపు మినుకు, కాసేపు ఖాళీ, మళ్లీ మినుకు, ఇలా ఒక వరస. ఆ వరసనే కోడ్ అంటారు. టామియా అనే జపాన్ బొమ్మల కంపెనీ కోడ్‌ని చాలా బోర్డులు (ట్యాంకు లోపల అన్నిటినీ నడిపే సర్క్యూట్లు) అర్థం చేసుకుంటాయి గానీ అన్నీ కాదు, కంపెనీ మారితే, ఒక్కోసారి అదే కంపెనీ బోర్డులో మోడల్ మారినా, వరస మారిపోవచ్చు. అలాంటి రెండు ట్యాంకులు ఎదురెదురుగా నిలబడి తెల్లవార్లూ పేల్చుకున్నా ఒక్క దెబ్బా పడదు. చిన్నోడి నాలుగు గుండ్ల సంగతిలో నా మొదటి అనుమానం ఇదే, ముందు అది చూడండి.

ఇక ఎల్ఈడీని గొట్టంలో కూర్చోబెట్టడం. మన మోడళ్లు 1/16 కొలతవి, అంటే అసలు ట్యాంకులో పదహారో వంతు. టైగర్ అనే అసలు జర్మన్ ట్యాంకు ఫిరంగి 88 మిల్లీమీటర్లు, దాన్ని 16తో భాగిస్తే 5.5 మిల్లీమీటర్లు. 5 మిల్లీమీటర్ల ఎల్ఈడీ సరిగ్గా దూరుతుంది కదా అనుకుంటారు, కానీ దాని అడుగున చిన్న అంచు ఉంటుంది చూడండి, అది దాదాపు 5.8 ఉంటుంది, ఆకురాయితో ఆ అంచుని మెల్లగా రాసేయాలి. రాసేటప్పుడు కాళ్లు వంచకండి, లోపల తెగిపోతే బయటికి తెలియదు. అమ్మాయిది 76 మిల్లీమీటర్ల ఫిరంగి ఉన్న టి-34 అనే రష్యా ట్యాంకు కాబట్టి లెక్క ప్రకారం గొట్టం 4.8 కూడా రాదు, అందులో 5 వేద్దామని బలవంతం చేస్తే గొట్టమే పగులుతుంది, 3 మిల్లీమీటర్లది వేయండి.

ఎల్ఈడీని గొట్టం మూతి దగ్గర పెట్టకండి, బాగా లోపలికి జరపండి. మామూలు ఎల్ఈడీ కాంతి అటు పది డిగ్రీలు, ఇటు పది డిగ్రీలు విచ్చుకుంటుంది, 10 మీటర్ల దూరంలో అది మూడున్నర మీటర్ల వెడల్పు అవుతుంది. అది ఫిరంగి కాదు, చీపురు. అదే 5 సెంటీమీటర్లు లోపలికి జరిపితే అదే దూరంలో సుమారు ఒక మీటరు వెడల్పుకి వస్తుంది, అంచుల్లో ఇంకొంచెం పలచగా పాకుతుంది. ఒక మీటరంటే కూడా తక్కువేం కాదు, టైగర్ బాడీ మోడల్‌లో 40 సెంటీమీటర్లు కూడా ఉండదు కదా, పక్కపక్కన నిలబడ్డ రెండు ట్యాంకులకు ఒకే గుండు తగలొచ్చు. తగిలితే రెండింటికీ తగిలినట్టే, దీనికి వేరే వాదన లేదు.

ఇత్తడి గొట్టమైతే లోపల తళతళా మెరుస్తూ కాంతిని అటూ ఇటూ కొట్టి మళ్లీ వెడల్పు చేస్తుంది, లోపల మసకగా ఉండే నల్ల రంగు వేయాలి. నల్లగా కనపడేదంతా పరారుణానికి నలుపే అనుకోకండి. రిమోట్ ముందు భాగాన నల్ల ప్లాస్టిక్ ముక్క ఉంటుంది, మనకు అందులోంచి ఏమీ కనపడదు, పరారుణం మాత్రం గాజులోంచి పోయినట్టు పోతుంది. ప్లాస్టిక్ గొట్టంలో ఎల్ఈడీ పెట్టి పక్కనుంచి కాంతి కారిపోతోందని అనుమానమొస్తే బయటినుంచి సన్నగా అల్యూమినియం రేకు చుట్టి చూడండి.

ఇప్పుడు రిసీవర్. ఇక్కడ నా పరువు పోయిన కథ ఒకటి చెప్పాలి. కొన్నేళ్ల కిందట నా దగ్గరున్న టైగర్‌కి టరెట్ (ఫిరంగి ఉండే, గుండ్రంగా తిరిగే పైభాగం) మూతలోంచి బయటికి చూస్తున్న కమాండర్ బొమ్మని అతికించాను, చిన్న టోపీ, చేతిలో బైనాక్యులర్, చూడముచ్చటగా ఉండేది. ఆ రోజు వరసగా మూడు ఆటలు నేనే గెలిచాను. వెనకనుంచి వచ్చి ఎంత కొట్టినా నా బండి ఉలకదు, పలకదు. నేను లోపల్లోపల మురిసిపోతున్నాను, ఏం నడిపాను రా అని. నాలుగో ఆటకి ముందు అవతలి పిల్లాడొకడు మోకాళ్ల మీద కూర్చుని నా టరెట్ వెనక కన్ను ఆనించి చూసి, "అంకుల్, మీ కమాండర్ సెన్సర్‌కి అడ్డంగా నిలబడ్డాడు" అన్నాడు. నిజమే. బొమ్మ వీపు రిసీవర్ కిటికీకి వేలెడు దూరంలో ఉంది. మూడు ఆటలూ నేనే రద్దు చేసుకున్నాను, తలెత్తలేకపోయాను.

కాబట్టి రిసీవర్ టరెట్ మీద అన్నిటికంటే ఎత్తులో ఉండాలి, చుట్టూ ఏ వైపునుంచి చూసినా కనపడాలి. ఏరియల్, సామాన్ల మూటలు, మారువేషం కోసం కట్టిన వల, ఆకులు, ఏవీ దాని ఎత్తుకి రాకూడదు. కొనే సెట్లలో గుండ్రంగా ఉండే రిసీవర్ వస్తుంది, దెబ్బ తగిలితే చుట్టూ లైట్లు వెలుగుతాయి. మీరే చేసుకునేట్టయితే నాలుగు రిసీవర్ ముక్కలు నాలుగు దిక్కులకీ పెట్టండి, ఒక్కోటి దాదాపు తొంభై డిగ్రీలు చూసుకుంటుంది. వాటికి వెళ్లే కరెంటు దారిలో 100 ఓమ్‌ల రెసిస్టర్, కాళ్ల దగ్గరే ఒక చిన్న కెపాసిటర్ తప్పకుండా పెట్టాలి. మోటారు బ్రష్షుల దగ్గర లేచే రవ్వలు కరెంటులో గోల పుట్టిస్తాయి, ట్యాంకు కదిలినప్పుడల్లా సెన్సర్ చెవిటిదైపోవడమో, ఎవరూ కొట్టకుండానే దెబ్బ తగిలినట్టు ఎగరడమో జరిగితే అదే కారణం. మోటారు రెండు కాళ్ల మధ్య 104 అని రాసి ఉండే కెపాసిటర్ సోల్డర్ చేస్తే చాలావరకు సర్దుకుంటుంది.

పేల్చినప్పుడు మీ గుండు మీకే తగలొచ్చు, నవ్వకండి. నున్నటి తెల్ల గోడకి దగ్గరగా నిలబడి పేలిస్తే కాంతి వెనక్కి కొట్టి మీ రిసీవర్ మీదే పడుతుంది. మంచి బోర్డులు పేల్చిన క్షణంలో తమ కన్ను మూసుకుంటాయి, అన్నీ మూసుకోవు. మిట్ట మధ్యాహ్నం ఎండలో సెన్సర్‌కి కళ్లు బైర్లు కమ్మి దూరం బాగా పడిపోతుంది, సాయంత్రమో నీడలోనో ఆడండి.

రూల్స్‌కి వస్తున్నా. ఆట మొదలవడానికి ముందు పరీక్ష. రెండేసి ట్యాంకులు 10 మీటర్ల దూరంలో ఎదురెదురుగా, ఆడబోయే చోటే, ఆడబోయే బ్యాటరీతోనే. పది గుండ్లు పేలిస్తే తొమ్మిదైనా నమోదు కావాలి. తర్వాత దెబ్బ తినే ట్యాంకుని పక్కకి, వెనక్కి, ఇంకో పక్కకి తిప్పి మళ్లీ పది. ఏ వైపున తేలిపోయినా సరిచేసుకునేదాకా ఆ ట్యాంకు ఆడదు, కొత్త ట్యాంకైనా సరే, అది నాదైనా సరే. పరీక్ష అయ్యాక టరెట్ మీద ఏమీ అతికించకూడదు, ఎల్ఈడీ మార్చకూడదు. ఈ పది నిమిషాలు ఓపిక పడితే సాయంత్రమంతా ఎవరూ అరవక్కర్లేదు.

దెబ్బల లెక్క ఇలా పెట్టుకుందాం. తేలిక ట్యాంకు 3 దెబ్బలకి ఔట్, గుండుకీ గుండుకీ మధ్య 3 సెకన్లు. మధ్యరకానికి 6 దెబ్బలు, 5 సెకన్లు. బరువుదానికి 9 దెబ్బలు, 9 సెకన్లు. బోర్డులో స్విచ్ ఉంటే దాంతో, లేకపోతే రిఫరీ నోటితో లెక్కపెడతాడు. పెద్దోడు ఎప్పుడూ బరువుదే కావాలంటాడు కదా, ఒకసారి కాగితం మీద వేసి చూడమనండి. ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒక్క గుండూ తప్పకపోతే, మధ్యరకం తన తొమ్మిదో గుండుని 40వ సెకనులో పేలుస్తుంది, బరువుది తన ఆరో గుండు పేల్చేసరికి 45 సెకన్లు. బరువుదే ఓడిపోయింది! తేలికది ఒంటరిగా బరువుదాని ఎదుట నిలబడితే 18వ సెకనులో ఔట్, కానీ రెండు తేలికవి కలిసి వస్తే 12 సెకన్లలో పని అయిపోతుంది, అప్పటికి బరువుది రెండే గుండ్లు పేల్చి ఉంటుంది. తేలిక ట్యాంకు ఒంటరిగా తిరగడం మూర్ఖపు పని, నా లెక్కలో.

ఔటైన ట్యాంకు ఉన్నచోటే 20 సెకన్లు ఆగి, తర్వాత నిండు ప్రాణంతో లేస్తుంది. ఆ 20 సెకన్లూ దాన్ని ఎవరూ కొట్టకూడదు, దాన్ని అడ్డం పెట్టుకుని దాక్కోవచ్చు. ట్యాంకుని చేత్తో ఎత్తకూడదు. తిరగబడినా, పట్టా ఊడిపోయినా చెయ్యి పైకెత్తి ఆగాలి, రిఫరీ ఎత్తి పెడతాడు, దానికి శిక్షేం లేదు. గుద్దుకోవడాలు వద్దు, గేర్లు అరిగిపోతాయి, కొత్తవి కొనడం మీ నాన్న చేతుల్లో పని. దెబ్బ తగిలిందనేది లైట్లు చెప్పాలి, పేల్చినవాడు చెప్పకూడదు. లైటు వెలగలేదని గట్టిగా అనిపిస్తే ఆట ఆపి అదే దూరంలో అదే కోణంలో మూడు గుండ్లు మళ్లీ పేల్చి చూడొచ్చు, ఒక్కొక్కరికి ఆటకి ఒక్కసారే.

బ్యాటరీ గురించి ఒక్క ముక్క. లిపో (లిథియం పాలిమర్ బ్యాటరీ) వాడేవాళ్లు ఒక్కో సెల్ 3 వోల్టుల కంటే కిందికి దిగకుండా చూసుకోండి, పెద్దవాళ్లు పక్కన లేకుండా చార్జింగ్ పెట్టొద్దు. ఉబ్బిన బ్యాటరీని "ఇంకొక్క ఆట" అని వాడితే నేను అసలు ఊరుకోను.

వచ్చే ఆదివారం నేనూ వస్తున్నాను. చిన్నోడూ, నీ బోర్డు మీద రాసి ఉన్న నంబరు ఫోటో తీసి పంపు, కోడ్ సంగతి ఇక్కడే చూసి వస్తాను. అమ్మాయీ, 3 మిల్లీమీటర్ల ఎల్ఈడీలు నా పెట్టెలో నాలుగున్నాయి, కొనకు. నా టైగర్ కూడా తెస్తున్నాను, పరీక్ష ముందు దాంతోనే మొదలుపెట్టండి. కమాండర్ బొమ్మ ఇంకా ఉంది, ఇప్పుడు నడుము దాకా కోసి మూత లోపలికి దింపాను, టోపీ మాత్రమే కనపడుతుంది.

మీ తాతయ్య