ఎర్రగా ఉన్నా కారం లేని మిరప

ప్రియమైన మనవలకు,

"తాతయ్యా, నువ్వు పంపిన ఆవకాయ అంత ఎర్రగా ఉంది, మరి కారమేది?" అని చిన్నూ ఫోన్‌లో అడిగాడు. అందులో వేసింది చపాటా మిరపరా. వరంగల్, హనుమకొండ, ములుగు, భూపాలపల్లి వైపు పండుతుంది. పొట్టిగా, లావుగా ఉంటుంది, టమాట మిర్చి అని కూడా అంటారు. 2025లో దీనికి జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు ప్రత్యేక సరుకని చెప్పే అధికారిక ముద్ర, వచ్చింది.

మిరపకాయను ఒక ఇల్లు అనుకోండి. అందులో ఇద్దరు అన్నదమ్ములు. పెద్దోడు రంగు, ఎప్పుడూ అరుగు మీదే, అంటే పైతోలులోనే ఉంటాడు. చిన్నోడు కారం. వాడి మకాం లోపలి గదిలో, గింజలు అంటుకుని ఉండే తెల్లటి పొరలో. గింజల్లో కారం ఉంటుందని అందరూ అంటారు గానీ, అది ఆ పొర నుంచి అంటుకున్నదే. చపాటా ఇంట్లో పెద్దోడు కష్టజీవి, చిన్నోడు బద్ధకస్తుడు. తేజ మిర్చి ఇంట్లో చిన్నోడిదే పెత్తనం. అందుకే మీ నానమ్మ కారం పట్టించేటప్పుడు రెండిళ్లకూ వియ్యం కలుపుతుంది, రంగుకు చపాటా, ఘాటుకు తేజ. ఈసారి మీకోసం తేజ తగ్గించింది. ఆ అన్నదమ్ముల అమ్మానాన్నలెవరని మాత్రం అడక్కండి, నా కథ అక్కడిదాకా పోదు.

నా చిన్నప్పుడు మా నాయన కల్లంలో మిరప ఆరబోసేవాడు. రాత్రి మంచుకు తడవకుండా కుప్ప చేసి కప్పడం, పొద్దున్నే మళ్లీ పరచడం మా పని. చపాటా కుప్ప దగ్గర తుమ్ములు తక్కువ, పిల్లలమంతా అక్కడికే పరుగు. అవతల అమ్మావాళ్లు తుమ్ముకుంటూ తొడిమలు తీస్తుండేవాళ్లు. "తేలిక పని చూసుకుని కూర్చున్నార్రా!" అని నాయన కసిరేవాడు. మీరూ ఇంట్లో అప్పుడప్పుడు బరువు పని అడిగి తీసుకోండి.

ఫ్యాక్టరీల్లో చపాటా నుంచి ఓలియోరెసిన్ అనే ఎర్రటి చిక్కటి సారం తీస్తారు. తినే వస్తువులకే కాదు, లిప్‌స్టిక్‌లకూ ఆ రంగు వాడతారు.

ఇంకో వింత. మనల్ని ఏడిపించే ఆ కారం పక్షులకు అసలు తెలియదు. చిలక పండుమిరపను జామపండులా కొరుక్కు తింటుంది! గింజలు దూరదూరాలకు చేరాలని చెట్టే ఇలా ఏర్పాటు చేసుకుందేమో అనిపిస్తుంది నాకు.

ఆదివారం అమ్మను పక్కన పెట్టుకుని ఒక పచ్చిమిరపకాయ నిలువునా చీల్చండి. ముందు కొన ముక్కను నాలుకకు తాకించండి, తర్వాత తెల్లటి పొరను. పెరుగు దగ్గర పెట్టుకోండి, కారం నీళ్లలో కరగదు. చేతులు సబ్బుతో కడిగేదాకా కళ్లు ముట్టుకోవద్దు.

మీ తాతయ్య