పాత కాలపు కొప్పు, నేటి విగ్గు: అపోహలు – వాస్తవాలు

పద్యనాటకాలు ఆడే సమాజాలకు, చారిత్రక నాటికలు వేసే కళాశాలలకు, ఉత్సవాల్లో రాయల వేషం కట్టేవారికి విగ్గులు తయారుచేసి ఇవ్వడం అనంతపురంలో నా వృత్తి. చీర అంచు ఏ కాలానిదో తేలేదాకా వదలని దర్శకులు సైతం జుట్టు దగ్గరికి వచ్చేసరికి "ఏదో ఒకటి పెట్టండి, దూరానికి ఏం తెలుస్తుంది" అంటారు. నిజానికి దూరానికి మొదట తెలిసేది తల ఆకారమే. నగల పనితనం నాలుగైదు వరుసలు దాటితే కనిపించదు గానీ, కొప్పు ఎంత ఎత్తున ఉన్నదీ, నుదురు ఎక్కడ మొదలైందీ మైదానం చివర కూర్చున్నవారికి కూడా కనిపిస్తుంది. ఈ పనిలో నాకు పదేపదే ఎదురయ్యే అపోహలను, వాటి వెనుక ఉన్న వాస్తవాలను ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: గుడిలోని శిల్పాన్ని చూసి ఉన్నదున్నట్టు దింపితే ఆ కాలపు కేశాలంకరణ వచ్చేస్తుంది.

వాస్తవం: శిల్పం విలువైన సాక్ష్యమే, అయితే దానిని దేనికోసం చెక్కారో ముందు తేల్చుకోవాలి. విష్ణువుకు కిరీట మకుటం, శివుడికి జటా మకుటం అన్నవి శిల్పశాస్త్రం నిర్ణయించిన లక్షణాలు. వాటిని చూసి ఆనాటి మనిషి జుట్టు ఎలా ముడిచాడో చెప్పలేము. దాతలు, పరిచారికలు, నర్తకులు, సైనికులు వంటి మానవ రూపాలే మనకు ఎక్కువగా పనికివస్తాయి. అక్కడ కూడా రాతికి ఉన్న పరిమితిని మరచిపోకూడదు. గాలిలో వేలాడే సన్నని పాయను రాతిలో చెక్కితే అది నిలవదు కనుక, శిల్పి జుట్టును మెడకో భుజానికో ఆనించి ఒకే ముద్దగా మలుస్తాడు. తాడిపత్రి ఆలయాల గోడల మీది స్త్రీమూర్తులను చూసి ఆ ముద్దను అలాగే విగ్గుపై కడితే, అది జుట్టులా కాక మెడకు అతికించిన దిండులా కనిపిస్తుంది.

రాయి చెప్పని సంగతులను కొంతవరకు రంగులు చెబుతాయి. లేపాక్షి వీరభద్రాలయం నాటి అనంతపురం జిల్లాలో, నేటి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు దానిని కట్టించారు. అందులోని పైకప్పు చిత్రాలలో దేవతలతో పాటు ఆ సోదరులూ, వారి పరివారమూ కనిపిస్తారు. పక్కనుంచి గీసిన ముఖాలు అనేకం ఉన్నందువల్ల కొప్పు తల వెనుక ఏ ఎత్తున మొదలై ఎంత వెనక్కి పొడుచుకు వచ్చిందో కొలవడం సాధ్యమవుతుంది. నేను నుదుటి అంచు నుంచి గడ్డం దాకా ఉన్న ముఖం పొడవును ఒక కొలతగా తీసుకుని, కొప్పు వెడల్పు, ఎత్తు అందులో ఎన్నో వంతో లెక్క వేసుకుని, ఆ నిష్పత్తిని నటి ముఖానికి వర్తింపజేస్తాను. పక్క చిత్రం నడినెత్తి మీది పాపిటను చూపించదు. ఆ లోటును అదే కాలపు శిల్పాలలో ఎదురుగా కనిపించే తలలను చూసి పూరించుకోవలసి ఉంటుంది. రాయి, రంగు రెండూ ఒకే మాట చెప్పినప్పుడే ధైర్యంగా దారం కత్తిరించాలి.

అపోహ: రాయల కాలపు పురుషులకు జుట్టు భుజాల మీద జారుతూ ఉండాలి.

వాస్తవం: ఈ రూపం తెర మీద పదేపదే చూసి మనం అలవాటు చేసుకున్నది. తిరుమల ఆలయంలో ఇద్దరు దేవేరులతో నిలిచిన కృష్ణదేవరాయల లోహవిగ్రహం తల మీద ఉన్నది కుళ్లాయి అనే పొడవైన టోపీ. లేపాక్షి దాతల తలల మీదా అటువంటివే ఉన్నాయి. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని సందర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పాయెస్ కూడా రాజు ధరించిన జరీ టోపీ గురించి రాశాడు. కాబట్టి రాయల వేషానికి ఖరీదైన నిండు విగ్గు అవసరం లేదు. కణతల దగ్గర, మెడ పైభాగాన కనిపించేంత అంచు జుట్టు ఉంటే చాలు. మిగిలిన డబ్బును కుళ్లాయి మీద పెట్టమని చెబుతాను. దానిని అట్టతో కాక బక్రం అనే గట్టి గుడ్డతో కుడితే బరువు తగ్గుతుంది, నటుడు తల వంచినప్పుడు జారిపడదు.

అపోహ: పిలక అంటే తల వెనుక చిన్న ముడి అతికిస్తే సరిపోతుంది.

వాస్తవం: నా దృష్టిలో రాయలసీమ రంగస్థలం మీద అన్నిటికంటే ఎక్కువగా జరిగే తప్పు ఇదే. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో సురభి నాటక సమాజం ఆరంభమైన నాటి కథను వేదిక మీదికి తేవాలంటే, పురుష పాత్రలలో చాలామందికి పిలక జుట్టు ఉండాలి. నటుడు తన నిండు క్రాపును నుదుటి మీద అలాగే ఉంచుకుని వెనుక ఒక ముడి తగిలించుకుంటే అది ఏ కాలానికీ చెందదు. పిలక జుట్టులో ముఖ్యమైనది ముడి కాదు, గొరిగిన ముందు భాగం. కొందరు నడినెత్తి దాకా ముందు భాగాన్ని మాత్రమే గొరిగించుకుని, వెనుక మిగిలిన జుట్టునంతా పొడవుగా పెంచి ముడి వేసుకునేవారు. మరికొందరు తలంతా గొరిగించుకుని శిఖను మాత్రమే ఉంచుకునేవారు. పాత్ర ఎవరిది, ఏ ఊరిది, ఏ వృత్తిది అన్నదాన్ని బట్టి ఈ హద్దు మారుతుంది గనుక, దర్శకుడు ఈ ప్రశ్నకు జవాబు చెప్పేదాకా నేను పని మొదలుపెట్టను.

దీనికి విగ్గును రెండు భాగాలుగా ఆలోచించాలి. ముందు భాగంలో నటుడి సొంత జుట్టును కప్పే పలుచని రబ్బరు పొర ఉంటుంది. వెనుక భాగంలో నెట్టుకు, అంటే సన్నని వల గుడ్డకు, ఒక్కొక్క వెంట్రుకగా కొక్కెం సూదితో ముడివేసిన జుట్టు ఉంటుంది. రెండూ కలిసే గీత దగ్గర వెంట్రుకలను పలుచగా, పొట్టిగా మొదలుపెట్టి క్రమంగా ఒత్తు పెంచాలి. ఆ గీత కత్తిరించినట్టు ఉంటే మోసం బయటపడుతుంది. గొరిగిన చోట చర్మం ముఖం రంగులో ఉండదు. లోపల మొలిచే వెంట్రుకల వల్ల కాస్త బూడిద చాయ తిరుగుతుంది. దానిని స్పాంజితో అద్దకంగా వేయాలి తప్ప కుంచెతో పూయకూడదు. పెట్రోమాక్సు దీపాల పసుపు వెలుగులో దాగిపోయిన నెట్టు అంచు, నేటి తెల్లని ఎల్‌ఈడీ వెలుగులో స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి పాత అద్దె విగ్గులతోనే నెట్టుకొస్తున్న సమాజాలు ముందుగా మార్చుకోవలసింది ఈ ముందు అంచునే.

అపోహ: పాత ఫొటో దొరికితే ఇక సందేహమే ఉండదు.

వాస్తవం: పందొమ్మిదవ శతాబ్దపు ఫొటోలు ఆకారం విషయంలో నమ్మదగినవి, రంగు విషయంలో కావు. ఆనాటి ఫొటోలు తీసిన, కొలోడియన్ అనే రసాయనం పూసిన పలకలు ప్రధానంగా నీలి కాంతికే స్పందించేవి. ఎరుపు, పసుపు చాయలు ముదురుగా పడేవి. నుదుటి మీది కుంకుమబొట్టు నల్లగా కనిపించడానికి కారణం అదే. గోరింటాకు పెట్టి ఎర్రబడిన జుట్టు, సహజంగా గోధుమ చాయ ఉన్న జుట్టు కూడా అందులో కారునలుపుగానే పడతాయి. ఫొటో చూసి బొగ్గు నలుపు విగ్గు కట్టమనేవారికి నేను ముదురు గోధుమ, నలుపు వెంట్రుకలు కలిపి కట్టి ఇస్తాను. వేదిక వెలుగులో అదే జీవమున్న జుట్టులా కనిపిస్తుంది.

మరొకటి కుడి ఎడమల సంగతి. లోహపు రేకు మీద నేరుగా తీసిన పాత ఫొటోలు అద్దంలో ప్రతిబింబంలా తిరగబడి ఉంటాయి. నెగెటివును వెనక్కి తిప్పి అచ్చువేసినా అంతే జరుగుతుంది. పక్కపాపిట ఏ వైపున తీయాలో నిర్ణయించే ముందు పైట ఏ భుజం మీద ఉందో, కోటు గుండీలు ఎటు ఉన్నాయో, చేతిలోని పుస్తకం మీద అక్షరాలు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి. స్టూడియోకు వెళ్లేవారు ఆ రోజు ప్రత్యేకంగా ముస్తాబయ్యేవారని కూడా గుర్తుంచుకుంటే, వంటింట్లో పని చేసుకునే పాత్రకు ఆ ఫొటోలోని కొప్పును కట్టరు.

అపోహ: పురాణ స్త్రీలంటే విరబోసిన జుట్టు.

వాస్తవం: ఆ ఊహలో పెద్ద భాగం రవివర్మ చిత్రాల నుంచి, 1894లో ఆయన ముద్రణాలయం మొదలయ్యాక ఇంటింటికీ చేరిన అచ్చు బొమ్మల నుంచి వచ్చింది. ద్రౌపది వంటి పాత్రకు కథే విడిచిన జుట్టును కోరుతుంది, కాదనను. చంద్రమతికి వివాహ ఘట్టంలోనూ కాటి సీనులోనూ ఒకే విరబోసిన విగ్గు పెడితే మాత్రం, రెండో ఘట్టంలో జుట్టు విడవడంలోని దుఃఖం ఎవరికీ అందదు.

అపోహ: దొర పాత్ర అంటే తెల్లని ఉంగరాల విగ్గు.

వాస్తవం: 1757 నాటి క్లైవ్ పాత్రకైతే పిండి చల్లిన తెల్ల విగ్గు సరైనదే. 1795లో బ్రిటన్ జుట్టుకు పూసే పిండి మీద ఏడాదికి ఒక గినీ పన్ను విధించిన తరువాత, అప్పటికే తగ్గుతున్న ఆ మోజు వేగంగా అంతరించింది. ఆ తరువాత తెల్ల విగ్గు ప్రధానంగా న్యాయస్థానాలకు పరిమితమైంది. ఇప్పుడు అద్దెకు దొరికే ఉంగరాల విగ్గు ఆ కోర్టు విగ్గుకు నకలు. దత్తమండలాలను 1800 నుంచి 1807 వరకు పాలించిన బ్రిటిష్ అధికారి థామస్ మన్రో చిత్రపటాలలో మనం చూసేది కురచగా ఉన్న సొంత జుట్టే. 1847లో ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని ఉరితీసిన ఘట్టంలో కలెక్టరుకు తెల్ల విగ్గు పెడితే అది అర్ధ శతాబ్దం వెనుకబడినట్టే. చెంపల మీద కాస్త జుట్టు పెంచి, నటుడి సొంత జుట్టుకే గోధుమ రంగు వేస్తే ఆ కాలం వస్తుంది, ఖర్చూ తగ్గుతుంది. అయినా "జనం దొరను గుర్తుపట్టరేమో" అని తెల్ల విగ్గే అడిగేవారున్నారు. ఎర్రకోటు చూసి గుర్తుపట్టని జనం విగ్గు చూసి గుర్తుపడతారా అన్నది నా సందేహం.

అపోహ: పాత కాలపు మెరుపు రావాలంటే విగ్గుకు నూనె పట్టించాలి.

వాస్తవం: గమనిక సరైనది, వైద్యమే తప్పు. ఆముదమో కొబ్బరినూనో పట్టించి, కుంకుడుకాయతో ఎప్పుడో ఒకసారి తలంటుకునే జుట్టు తలకు అంటి, బరువుగా, మెరుస్తూ ఉంటుంది. రోజూ షాంపూ చేసిన జుట్టులా గాలికి లేవదు. ఎంత శ్రద్ధగా కట్టిన కొప్పయినా ఇప్పటి జుట్టులా పొంగి ఉంటే పాత కాలానిదిగా కనిపించకపోవడానికి కారణం ఇదే. అయితే నూనె నెట్టులోకి ఇంకితే దుమ్ము పడుతుంది, ముడులు వదులవుతాయి, అంచును చర్మానికి అతికించే స్పిరిట్ గమ్ అనే జిగురు పట్టు తప్పుతుంది. నీటితో కడిగితే పోయే జెల్‌ను దువ్వెన పళ్లకు పలుచగా రాసి, పాపిట నుంచి చెవి దాకా ఒకే దిశలో దువ్వి, తడి ఆరేదాకా పలుచని గుడ్డ కట్టి ఉంచితే ఆ అణకువ వస్తుంది. కొప్పు బరువు కోసం లోపల వ్యర్థపు వెంట్రుకలను వలలో చుట్టిన ఉండ పెడతాను. దాని మీద అసలు జుట్టు పలుచగానే పరచుకుంటుంది.

అపోహ: అసలు వెంట్రుకలతో చేసిన విగ్గు ఎప్పుడూ మేలు.

వాస్తవం: అసలు వెంట్రుకలలోనూ తేడాలున్నాయి. తిరుమల తలనీలాల వంటి, తల మీది నుంచి ఒకేసారి తీసిన జుట్టులో కుదుళ్లన్నీ ఒక వైపు, కొనలన్నీ ఒక వైపు ఉండేలా వేరుచేయడం సులభం. వీధుల్లో సామానుకు మార్చుకునే చిక్కు వెంట్రుకలలో అవి తలకిందులుగా కలిసిపోతాయి కాబట్టి, వెంట్రుకల మీది సన్నని పైపొలుసులు ఒకదానికొకటి పట్టుకుని జుట్టు చిక్కుపడుతుంది. ఒక పాయను కొన నుంచి కుదురు వైపు వేళ్లతో నిమిరితే గరుకుగా, తిరిగి కిందికి నిమిరితే నున్నగా తగలాలి. రెండు వైపులా ఒకేలా ఉంటే కొనే ముందు ఆలోచించుకోవాలి.

పదుల సంఖ్యలో సైనికులో చెలికత్తెలో ఉన్న ప్రదర్శనకు కృత్రిమ దారపు విగ్గులే తెలివైన ఎంపిక, ఎందుకంటే వాటి ఆకారం ఒకసారి కట్టాక చెమటకూ మంచుకూ చెదరదు. వాటికి ఇనుప కర్లర్ తగిలించకూడదు, కరిగిపోతాయి. ఆవిరితోనో వేడినీటితోనో మలచాలి. అసలు జుట్టు ఆకారాన్ని నిలిపేది తేమకు విడిపోయి ఆరినప్పుడు మళ్లీ ముడిపడే బంధాలు కాబట్టి, గాలిలో తేమ పెరిగితే వంకీలు జారిపోతాయి. మన అనంతపురం పొడిగాలిలో రాత్రంతా నిలిచిన ముంగురులు, అదే సమాజం కోస్తాకు వెళ్లి ఆడినప్పుడు రెండో అంకానికే వాలిపోతాయి. అటువంటి చోటుకు వంకీలను కోరిన దానికంటే బిగువుగా చుట్టి పంపాలి. రోలర్లను పూర్తిగా చల్లారి ఆరిన తరువాతే విప్పాలి గనుక, రాత్రి నాటకానికి జుట్టు చుట్టడం ఉదయమే పూర్తికావాలి.